అందరి బండి

ఉట్నూరునకు రైలు లేదు. ఆదిలాబాదులోనో, మంచిర్యాలలోనో రైలు దిగినవా రెవరైనను అచ్చటినుండి కొండలెక్కి, అడవులు దాటి, రోడ్డు మార్గముననే ఈ పట్టణమును చేరవలెను. పట్టణమునకు నాలుగు దారులు ముఖ్యమైనవి. ఆదిలాబాదు దారి గుడిహత్నూరు వద్ద జాతీయ రహదారిని విడిచి, ఇంద్రవెల్లి మీదుగా వచ్చును. ఆసిఫాబాదు దారి కెరమెరి ఘాటు మలుపు లెక్కి, జైనూరు మీదుగా వచ్చును. మంచిర్యాల దారి కవ్వాల అడవి ప్రాంతమున జన్నారము మీదుగా వచ్చును. నిర్మల్ దారి ఖానాపురము మీదుగా వచ్చును. ఈ నాలుగు దారులమీదను సామాన్యునికి ఆధారమైనది బస్సు.

గోండులు, కొలాములు, నాయకపోడులు, పరధానులు, తోటీలు, లంబాడాలు నివసించు గూడెములకును తండాలకును ఉట్నూరు కేంద్రస్థానము. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయ మిచ్చటనే కలదు. 2016 అక్టోబరు 11న పూర్వపు ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలుగా విభజింపబడెను. జైనూరు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో చేరినది. ఉట్నూరు ఆదిలాబాదు జిల్లాలోనే నిలిచినది. పటముమీద గీత మారినంత మాత్రమున కాలినడక మారదు. జైనూరు ప్రాంతపు గిరిజనునకు కలెక్టరుతో పనియున్నచో ఆసిఫాబాదునకును, గిరిజనాభివృద్ధి సంస్థతో పనియున్నచో ఉట్నూరునకును పోవలసివచ్చినది. అనగా ఆతడు ఎక్కవలసిన బస్సులు పెరిగినవి.

ఉదయ మారుగంటలు దాటినది మొదలు ఉట్నూరు బస్సుస్టాండునందు రెండు ప్రవాహము లెదురుపడుచుండును. ఉపాధ్యాయులు, నర్సులు, పంచాయతీ కార్యదర్శులు, బ్యాంకు ఉద్యోగులు పట్టణమునుండి పల్లెలకు బయలుదేరుదురు. విద్యార్థులు, కూలీలు, రోగులు, అర్జీలు చేతబట్టుకొన్నవారు పల్లెలనుండి పట్టణమునకు వచ్చుచుందురు. ఉద్యోగి ప్రతిదినము ఇట్లు పోయి వచ్చుటను ఇచ్చటివారు ‘అప్‌డౌను’ చేయుట యందురు. అప్‌డౌను చేయువాని బ్రతుకులో సగము రోడ్డుమీద గడచును. ఆ సగములో సగము బస్సుకొరకు నిలుచుండుటలో గడచును.

నిలుచుండుట యనునది చూచువారికి పనిలేని పనిగా కనబడును. చేయువానికి అది కష్టమైన పని. బస్సు వచ్చునని తెలిసినచో కూర్చుండవచ్చును; రాదని తెలిసినచో నడచి పోవచ్చును. వచ్చునో రాదో తెలియనిచో రెండును చేయలేడు. టీ త్రాగుటకు పోయినచో ఆ రెండు నిమిషములలోనే బస్సు వచ్చి వెడలిపోవునేమో యని భయము. ప్రక్కవానిని, “అన్నా, జైనూరు బండి పోయిందా?” అని అడుగును. “ఇంక రాలే తమ్మీ” అని ఆతడు చెప్పును. ఈ ప్రశ్నయు ఈ సమాధానమును ఒక గంటలో పదిమంది నోట పదిసారులు వినబడును. విచారణ గదిలోని ఉద్యోగి గోడమీది పట్టికను చూపును. పట్టికలో బస్సు కలదు, ఎదుట లేదు.

తుదకు దుమ్ము లేపుకొనుచు బస్సు వచ్చును. అది పూర్తిగా ఆగకముందే కిటికీలగుండ లోపలికి తువ్వాళ్ళు, సంచులు, గొడుగులు పడును. తువ్వాలు వేసినవానిదే సీటు అని తెలుగునాట ఏ చట్టమును లేకున్నను అందరు నెరుగుదురు. ద్వారమువద్ద దిగువారికిని ఎక్కువారికిని పెనుగులాట. ఒకరినొకరు తోసికొనుటచే, దిగువారు దిగి యెక్కువారు ఎక్కినచో పట్టు సమయముకంటె రెట్టింపు సమయము పట్టును. తీరా లోపల కాలు మోపినవాడు తాను కూర్చుండదలచిన సీటుమీద వేరొకని తువ్వాలు చూచి తగవునకు దిగును. స్త్రీలకు ప్రత్యేకింపబడిన సీట్లని గోడమీద వ్రాసియే యుండును; ఆ వ్రాతక్రిందనే ఒక పురుషుడు కన్నులు మూసికొని నిద్రించుచుండును. ఆ నిద్ర చాలవరకు దొంగనిద్ర యని బస్సులోని వారందరికిని తెలియును.

ఇంతలో కండక్టరు వచ్చును. “ముందుకు జరుగుండ్రి, జరుగుండ్రి” అనుచు, నిలుచుటకే తావులేని చోట ఒక చేత టికెట్టు యంత్రమును, మరియొక చేత పైకమును పట్టుకొని సాగును. చిల్లర బాధ ఆతనికి నిత్యము. ఉదయపు మొదటి బస్సులో పదిమంది పెద్దనోట్లిచ్చినచో ఆతని సంచిలో మార్చుట కేమియు నుండదు. అప్పుడు టికెట్టు వెనుక రావలసిన పైకము వ్రాసి యిచ్చును. దిగునప్పుడు తీసికొనవలెను. దిగునప్పటి తొందరలో మరచిపోయినవాడు ఇంటికి పోయి, చొక్కాజేబులో ఆ టికెట్టును చూచి నిట్టూర్చును. కూలి డబ్బులో పది రూపాయలు పోవుట చిన్నసంగతి కాదు. కాని ఆ పదిరూపాయలకొరకు బస్సు వెంట పరుగెత్తుటయు సాధ్యము కాదు.

వానకాలమున ఈ బాధలన్నిటికి వాగులు తోడగును. లోతట్టు కల్వర్టులమీదుగా నీరు పారునప్పుడు బస్సు ఆవలి యొడ్డున నిలిచిపోవును. నీటిలోతు తెలియక దింపరాదు గనుక డ్రైవరు చేసినది సరియైన పనియే. అయినను ఈవలి యొడ్డున నిలుచున్న నర్సుకు ఆనాడు టీకాలు వేయవలసిన పిల్లలు జ్ఞప్తికి వచ్చుచుందురు.

బస్సు ఆలస్యమువలన కలుగు నష్టము బస్సెక్కువారితో ఆగిపోవునని తలచుట పొరపాటు. కొండప్రాంతమున ఒక్కరే ఉపాధ్యాయుడు గల ప్రాథమిక పాఠశాలలు పెక్కు కలవు. అట్టి పాఠశాల పెద్దరోడ్డునకు రెండుమూడు కిలోమీటర్ల లోపల నున్నదనుకొనుడు. ఉపాధ్యాయుడు బస్సు దిగి, ఆ దూరము నడచి పోవలెను. బస్సు ముప్పావుగంట ఆలస్యమైనచో ఆయనకు పోయినది ముప్పావుగంటయే. కాని పాఠశాల ముంగిట ముప్పదిమంది పిల్లలు కూర్చుండి యుందురు. ఒక్కొక్కరికి ముప్పావుగంట చొప్పున లెక్కించినచో ఇరువదిరెండున్నర గంటల చదువు పోయినది. ఆ పిల్లలలో ఎవరును బస్సుకు టికెట్టు కొనలేదు. కొందరు బస్సెక్కియే యుండరు. గోండి యింట మాట్లాడి, తెలుగు బడిలో నేర్చుకొనవలసిన బిడ్డకు ఆ ముప్పావుగంట మరింత విలువైనది.

అట్లయినచో ఉపాధ్యాయుడు గూడెమునందే ఏల నివసింపరాదు? ఈ ప్రశ్నను అధికారులు ఎన్నో యేండ్లుగా అడుగుచున్నారు. గూడెపు పెద్దలును అడుగుచున్నారు. వారి వాదము త్రోసివేయదగినది కాదు. ఊరిలో నివసించు ఉపాధ్యాయుడు పిల్లవాని తల్లిదండ్రుల నెరుగును, వారి భాష నేర్చును, సాయంకాలము కూడ పిల్లలకు అందుబాటులో నుండును. 1940 దశకములో హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు జైనూరు సమీపమునగల మార్లవాయి గ్రామమున నివసించి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దు శిక్షణకేంద్రమును 1943లో నెలకొల్పుటలో గల ఆలోచన ఇదియే: ఆ ఊరివాడు బడికి వచ్చుటకు ఏ బండియు అక్కరలేదు. అయితే నేటి ఉద్యోగి పక్షమునను న్యాయము లేకపోలేదు. అద్దెకు ఇల్లు దొరకని చోట, తన బిడ్డలకు పెద్దబడి లేని చోట, ముసలి తల్లికి వైద్యుడు దొరకని చోట కాపురము పెట్టుమనుట సులభము, పెట్టుట కష్టము. కాబట్టి ఈ వివాదము తెగునంతవరకు పిల్లల చదువు బస్సు చక్రములమీదనే యుండును.

బస్సులు ఆలస్యమగుటకు డ్రైవరు సోమరితనమే కారణమని విసిగినవారందురు. కారణములు పెక్కు కలవు. వానిలో కొన్ని చిత్రమైనవి. బస్సులు ఎక్కువగా తిరుగు దారిమీద చాలసేపటివరకు ఒక్కటియు రాక, తరువాత రెండు ఒకదానివెంట నొకటి వచ్చుట అందరు చూచినదే. ఇది ఇద్దరు డ్రైవరులు మాట్లాడుకొని చేసిన పని కాదు. ముందటి బస్సు ఏదో కారణమున అయిదు నిమిషములు ఆలస్యమైనదనుకొనుడు. ఆ అయిదు నిమిషములలో తరువాతి స్టాపునందు మరి కొందరు చేరుదురు. వారందరు ఎక్కుటకు మరి కొంతసేపు పట్టును. ఆ తరువాతి స్టాపునందు ఇంకను ఎక్కువమంది. ఇట్లు ఆలస్యము ఆలస్యమును పెంచును. వెనుకటి బస్సునకు స్టాపులయందు ఎక్కువా రెవ్వరు నుండరు. అందరిని ముందటిది ఎక్కించుకొనిపోయినది. అది తేలికగా పరుగెత్తి ముందటిదానిని కలిసికొనును. ఒకటి క్రిక్కిరిసి, ఒకటి ఖాళీగా, రెండును కలిసి ప్రయాణము చేయును. 1964లో నెవెల్, పాట్స్ అను ఇద్దరు పండితులు ఈ సంగతిని గణితముతో వివరించిరి. కాని ఖాళీ బస్సు వెనుక వచ్చుచున్నదని తెలిసినను, గంటసేపు నిలిచినవాడు నిండిన బస్సునే ఎక్కును. ఒకసారి మోసపోయినవానికి వెనుకటి బస్సుమీద నమ్మక మెట్లు కలుగును?

నిలుచుండువాని లెక్కయు సంస్థ లెక్కయు సరిపోకుండుటకు మరియొక కారణము కలదు. ఒక దారిమీద గంటకు రెండు బస్సులు నడుచుననుకొనుడు. సరిగా అరగంట కొకటి వచ్చినచో, ఎప్పుడో ఒకప్పుడు స్టాపునకు వచ్చిన మనుష్యుడు సగటున పదునైదు నిమిషములు నిలుచును. అట్లుగాక, ఒకసారి పది నిమిషముల ఎడముతోను, మరియొకసారి ఏబది నిమిషముల ఎడముతోను వచ్చినచో ఏమగును? గంటకు రెండు బస్సులను మాట అప్పటికిని నిజమే. కాని జనము పది నిమిషముల ఎడములో తక్కువమందియు, ఏబది నిమిషముల ఎడములో ఎక్కువమందియు వచ్చిచేరుదురు. ప్రతి ఆరుగురిలో ఒక్కడు చిన్న ఎడములో వచ్చి సగటున అయిదు నిమిషములు నిలుచును. తక్కిన అయిదుగురు పెద్ద ఎడములో వచ్చి సగటున ఇరువదియైదు నిమిషములు నిలుతురు. అందరిని కలిపి సగటు కట్టినచో దాదాపు ఇరువదిరెండు నిమిషములు. బస్సుల సంఖ్య తగ్గలేదు. నిరీక్షణ మాత్రము దాదాపు సగము పెరిగినది. “ఎప్పుడు చూచినను నాకే ఆలస్యము” అని గొణుగుకొనువాడు అమాయకుడు కాడు. లెక్క ఆతని పక్షముననే యున్నది.

లోపలి గూడెములకు పోవు దారులమీద ఈ లెక్క కూడ పనికిరాదు. అచ్చట ఉదయము ఒక బస్సు, సాయంత్రము ఒక బస్సు. అది రానిచో తరువాతిది లేదు.

రెండవ బస్సును ఏల వేయరాదన్న ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు, బస్సు అను మాట ఎట్లు పుట్టినదో తెలిసికొనవలెను. 1662లో ఫ్రాన్సు దేశపు పారిసు నగరమున, గణితవేత్తయగు పాస్కల్ ఆలోచనపై, నిర్ణీతమైన దారులలో నిర్ణీతమైన వెలకు జనమును తీసికొనిపోవు గుఱ్ఱపుబండ్లు బయలుదేరెను. వెల అయిదు ‘సూ’ నాణెములు. ఎవరెక్కినను ఎక్కకున్నను బండి వేళకు కదలుట దాని విశేషము. కాని ఆ నగరపు న్యాయసభవారు సిపాయిలును, సేవకులును, కూలివారును ఆ బండ్లెక్కరాదని నిషేధించిరి. అయిదు నాణెములకు పోవలసిన అవసరము ఎవరికి హెచ్చుగా నుండునో వారికే తలుపు మూయబడెను. కొన్ని యేండ్లలోనే ఆ బండ్లు మూలబడినవి.

మరల నూట అరువది యేండ్లకు పైబడిన తరువాత, అదే దేశమున నాంత్ పట్టణమునందు బోద్రీ యను నాతడు అట్టి బండ్లు నడపెను. వానికి ‘ఆమ్నిబస్’ అను పేరు వచ్చినది. లాటిను భాషలో దాని కర్థము ‘అందరి కొరకు’. 1829 జులై 4న షిలిబీర్ అను నాతడు లండనులో మూడు గుఱ్ఱములు లాగు ఆమ్నిబస్సును నడపెను. పలుకుటకు మాట పొడవగుటచే జనులు మొదటి భాగమును వదలి ‘బస్సు’ అనిరి. వ్యాకరణము చదువుకొన్న విద్యార్థులకు ఇందొక వింత గోచరించును. ఆ మాటలో ‘అందరు’ అను అర్థమిచ్చు భాగము పోయినది. ‘కొరకు’ అను విభక్తి ప్రత్యయపు తోక మాత్రము మిగిలినది.

ఆ పోయిన భాగమునకై మనుష్యులు కష్టపడవలసివచ్చినది. అమెరికాలోని మాంట్‌గొమరీ నగరమున బస్సులలో నల్లవారికి వెనుక సీట్లు ప్రత్యేకింపబడి యుండెను. తెల్లవారి సీట్లు నిండినచో నల్లవారు తమ సీటు విడువవలెను. 1955 డిసెంబరు 1న కుట్టుపని చేసికొను రోజా పార్క్స్ అను స్త్రీ పనినుండి ఇంటికి పోవుచు లేచుటకు నిరాకరించెను. ఆమెను నిర్బంధించిరి. ఆ నగరపు నల్లవారు 381 దినములు బస్సెక్కక, నడచియు, కార్లను పంచుకొనియు పనులకు పోయివచ్చిరి. తుదకు ఆ భేదము చట్టవిరుద్ధమని న్యాయస్థానము తీర్పు చెప్పెను.

తెలంగాణమున ప్రభుత్వపు బస్సు 1932 జూన్‌లో మొదలైనది. నిజాము రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో పని ప్రారంభించెను. 1951లో ఈ శాఖ రైల్వేనుండి వేరై హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. 2014లో రాష్ట్రము విభజింపబడిన తరువాత తెలంగాణకు వేరు సంస్థ వచ్చినది. నేడు ఉట్నూరునందు ఆ సంస్థకు డిపో కలదు.

ఇట్టి సంస్థలన్నిటికి ఆధారమైనది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టము. అందు ఒకచోట, ప్రజలకు చాలినంతగను, చక్కగను, చౌకగను రవాణా సౌకర్యమును కల్పించుట సంస్థ విధియని చెప్పబడినది. మరియొకచోట, సంస్థ వ్యాపార సూత్రములపై నడువవలెనని చెప్పబడినది. ఒకే చట్టము ఒక చేత ‘అందరి కొరకు’ అని వ్రాసి, రెండవ చేత ‘లాభనష్టములు చూచుకొనుము’ అని వ్రాసినది. డిపో అధికారి ఈ రెండిటి నడుమ కూర్చుండి పట్టిక తయారుచేయవలెను.

గూడెమునకు పోవు బస్సు లెక్క ఆయనకు ఇట్లు కనబడును. ఉదయము గూడెమునుండి పట్టణమునకు నిండుగా వచ్చును. మరల గూడెమునకు దాదాపు ఖాళీగా పోవును. సాయంత్రము దీనికి విరుద్ధము. డీజిలు మాత్రము నిండినప్పుడును ఖాళీ యైనప్పుడును కాలుచునే యుండును. గతుకుల దారిలో టైర్లు, స్ప్రింగులు త్వరగా చెడును. కిలోమీటరునకు వచ్చిన రాబడిని చూచినచో ఆ బస్సు నష్టమున నున్నది. అందుచే రెండు ట్రిప్పులు ఒకటిగా మారును. ట్రిప్పు తగ్గగనే జనము జీపులను, ఆటోలను ఆశ్రయింతురు. జనము తగ్గుటచే రాబడి మరింత తగ్గును. అప్పుడు ఆ ఒక్క ట్రిప్పునకును ముప్పు వచ్చును. జీపువాడు నష్టమునకు బండి నడపడు. పదిమంది పట్టు బండిలో ఇరువదిమందిని ఎక్కించును, వెనుక మెట్టుమీద కొందరిని వ్రేలాడదీయును, జనము నిండువరకు కదలడు. రాత్రి రోగిని తీసికొనిపోవలసివచ్చినచో తోచిన వెల అడుగును. ఆతనిని నిందించుట తేలిక. బస్సు విడిచిన చోట ఆతడొక్కడే ఉన్నాడన్న మాట మరువరాదు.

బస్సు విలువ ఎంతయో అది ఆగినప్పుడు తెలిసినది. 2019 అక్టోబరు 5న తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ ఉద్యోగులు సమ్మె ప్రారంభించిరి. అది 52 దినములు సాగెను. తాత్కాలికముగా నియమింపబడినవారితో కొన్ని బస్సులు నడిచినను చాలలేదు. దసరా సెలవులు ముగిసిన పాఠశాలలను తెరువలేక ప్రభుత్వము సెలవులను అక్టోబరు 19 వరకు పొడిగించవలసివచ్చెను. బస్సెక్కి బడికి పోవువారు ఎందరో, నడచి పోవువారు ఎందరో తెలియదు గాని, బస్సు లేక బడి నడువదన్న సంగతి ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయినది.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకము ప్రారంభమై, తెలంగాణలోని పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించినది. గుర్తింపు పత్రము చూపినచో కండక్టరు పైకము లేని ‘జీరో టికెట్టు’ ఇచ్చును. ఎక్కువారు ఒక్కసారిగా పెరిగిరి. సీట్లు అంత వేగముగా పెరుగలేదు. అప్‌డౌను చేయు పురుషులు కొందరు, “మేము పైకమిచ్చి నిలుచుంటిమి, వారు పైకమియ్యక కూర్చుండిరి” అని గొణిగిరి. క్రిక్కిరిసిన బస్సులో ఒంటికాలిమీద నిలిచినవాని కోపము అర్థము చేసికొనదగినదే. కాని అంతకుముందు ఛార్జీకి వెఱచి జ్వరము ముదురువరకు ఆస్పత్రికి పోని తల్లి, పై చదువు మానుకొన్న బాలిక ఆ బస్సులో నుండిరి. వారి అసౌకర్యము బస్సులో లేనందున పూర్వ మెవరికిని కనబడలేదు. రద్దీకి మందు మరికొన్ని బస్సులే గాని, వారిని దింపివేయుట కాదు.

నిరీక్షణలోని బాధను కొంత తగ్గించుటకు అదే సంవత్సరము ఆగస్టులో సంస్థవారు బస్సు ఎచ్చట నున్నదో సెల్‌ఫోనులో చూపు ‘గమ్యం’ అను యాప్‌ను ప్రవేశపెట్టిరి. ఆలోచన మంచిది. బస్సు త్వరగా రాకున్నను, ఎప్పుడు వచ్చునో తెలిసినవాడు నిశ్చింతగా టీ త్రాగివచ్చును. అయితే కొండలనడుమ ఫోనునకు సంకేత మందని తావులు ఇంకను కలవు. అచ్చట పాతపద్ధతియే గతి: మలుపువద్ద చెవియొగ్గి, ఘాటెక్కు ఇంజను చప్పుడును పోల్చుకొనుట. అలవాటుపడిన ముసలివారు లారీ చప్పుడును, బస్సు చప్పుడును చూడకయే చెప్పగలరు.

డ్రైవరు, కండక్టరుల పక్షమును బస్సు దిగిన తరువాత ఎవరును తలపోయరు. ప్రయాణికుడు దినమునకు రెండుసారులు పడు బాధను వారు రోజంతయు పడుదురు. ఆలస్యమైనచో జనము తిట్టుదురు. వేగముగా పోయినచో అధికారులు మందలింతురు. స్టాపునకు ముందు ఆపినచో వెనుకవారికి కోపము, దాటి ఆపినచో ముందువారికి కోపము. ఉదయము ఒకనితో తగవుపడిన కండక్టరు సాయంత్రము అతనినే మరల ఎక్కించుకొనవలెను. గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు మాటలు కలగలిసిన ఆ బస్సులో, ఎక్కడ దిగవలెనో చెప్పలేని వృద్ధురాలిని ఆమె గూడెపు దారివద్ద గుర్తుపెట్టుకొని దింపు కండక్టరులు కలరు. ఆమె దిగి, చేతులు జోడించి, “రాం రాం” అని పోవును.

కొన్ని బస్సులు రాత్రి డిపోకు తిరిగిరావు. దారి చివరనున్న ఊరిలోనే నిలిచి, మరునాడు తెల్లవారుజామున బయలుదేరును. దీనిని నైట్‌ హాల్ట్‌ అందురు. డ్రైవరు, కండక్టరు బస్సులోని సీట్లమీదనో, బడి అరుగుమీదనో పడుకొందురు. ఊరివారు త్రాగుటకు నీరు, చలికాలమున కాగుటకు నిప్పు సమకూర్తురు. ఖాళీగా రాత్రి డిపోకు పోయి, ఖాళీగా తెల్లవారి రావలసిన పని తప్పుటచే సంస్థకు డీజిలు మిగులును. ఊరివారికి మొదటి బస్సు రాదేమోయన్న భయముండదు, అది కన్నులయెదుటనే యుండును. పుష్యమాసపు చలిలో డ్రైవరు ఇంకను చీకటియుండగనే లేచి ఇంజను నడిపించి, కొంతసేపు అట్లే ఉంచును. ఆ చప్పుడే ఊరికి కబురు. ఒక్కొక్క యింట దీపము వెలుగును. కళాశాలకు పోవు పిల్లలు, అంగడికి కూరలు తీసికొనిపోవు స్త్రీలు, చేతిలో ఎర్రసంచితో ఆస్పత్రికి బయలుదేరిన దంపతులు ఒక్కొక్కరుగా వచ్చి కూర్చుందురు. ఆ వేళ ఎవరును కిటికీగుండ తువ్వాలు వేయరు. ఇంకను ఎవరు రావలెనో కండక్టరు అడుగును. వెనుక సీటునుండి ఎవరో ఒకరు పేరు చెప్పుదురు. ఆ మనిషి వచ్చి ఎక్కువరకు ఆతడు ‘రైట్’ అనడు.